తూకానికి కొన్న ల్యాప్‌టాప్

ఖాజాగూడలో లింగమూర్తికి ఇనుప సామాన్ల దుకాణం ఉంది. మేకులు, గొలుసులు, బైండింగు వైరు, అన్నీ కిలోల లెక్కన అమ్ముతాడు. ఏళ్ల తరబడి కాంటా ముందు కూర్చున్న మనిషికి లోకం మీద ఒక అభిప్రాయం ఏర్పడకుండా ఉండదు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియాలి, అదే సరుకు అన్నది ఆయన అభిప్రాయం. కుక్కరుకైనా అంతే, తాళంకప్పకైనా అంతే, ఆఖరికి పుచ్చకాయకైనా అంతే. పెళ్లైన కొత్తలో ఆయన భార్య సరిత ఈ సిద్ధాంతాన్ని ఎగతాళి చేసేది. తర్వాత ఆయన కొన్న కుక్కర్లు నిజంగానే మన్నడం చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఎప్పుడు ఒప్పుకోవడంగా మారిందో ఆమెకే తెలియదు.

సరితది వేరే లోకం. ఇంటర్ అయ్యాక అమీర్‌పేటలో కంప్యూటర్ డ్రాయింగు నేర్చుకుని, రాయదుర్గంలో వంటగదులు అమ్మే ఒక షోరూములో డిజైనరుగా చేరింది. ఆ చుట్టుపక్కల టవర్లు లేస్తున్న కొద్దీ ఆమె గీసిన వంటిళ్లూ లేచాయి. స్టవ్ ఎక్కడుండాలి, సింకు ఎక్కడుండాలి, పోపుల డబ్బా ఏ అరలో ఉంటే చెయ్యి చాచకుండా అందుతుంది, అన్నీ కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మగా కట్టి చూపించేది. ఆమెకు ఒక పద్ధతి ఉంది. కొలతలు తీసుకున్నాక ఇంటావిడను ఖాళీ వంటగదిలో నిలబెట్టి, "అమ్మా, ఇక్కడ పొయ్యి ఉన్నదనుకోండి. ఉప్మా చెయ్యండి" అనేది. మొదట అందరూ నవ్వేవాళ్లు. తర్వాత సిగ్గుపడుతూనే గాలిలో రవ్వ వేయించేవాళ్లు, గాలిలో ఉల్లిపాయ తరిగేవాళ్లు. చెయ్యి ఎటు పోతోందో, కాలు ఎక్కడ తిరుగుతోందో సరిత గమనించేది. ఫోనులో బిర్యానీ తెప్పించుకుని బతికే జంటలు ఐదు బర్నర్ల పొయ్యి కావాలని పట్టుబడితే, ఈ ఉప్మాతోనే మెల్లగా రెండు బర్నర్లకు దించేది.

అలాంటి సరిత ఈ వేసవిలో ఉద్యోగం మానేసింది. ఇంకొకరి బోర్డు కింద గీసింది చాలు, ఇక తన పేరు మీద గీద్దామనుకుంది. ఓనరు చిరునవ్వు నవ్వి, "నీ కుర్చీ ఖాళీగానే ఉంచుతానమ్మా" అన్నాడు. ఆ మాటలో అభిమానం ఎంతో, ఎలాగూ తిరిగొస్తావులే అన్న ధీమా ఎంతో ఆమెకు తేలలేదు. తేలకపోవడం వల్లే పౌరుషం వచ్చింది. మొదటి పని తన పేరు మీద చేసి చూపించాలి. లేకపోతే ఆ కుర్చీలోకే వెళ్లి కూర్చోవాలి.

షోరూములో ఉన్నది బల్ల మీద పెట్టే కంప్యూటర్. అది షోరూముతోపాటే అక్కడ ఉండిపోయింది. ఇప్పుడు సొంతంగా ల్యాప్‌టాప్ కొనాలి. భార్యాభర్తలిద్దరూ ఒక మంచిరోజు చూసుకుని మాదాపూర్‌లోని పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లారు. భానుశ్రీ అని, భీమవరం నుంచి వచ్చిన సేల్స్ అమ్మాయి ఎదురొచ్చింది.

"మేడమ్ ఏ పనికి వాడతారండి?"

సరిత నోరు తెరిచేలోగా లింగమూర్తి అందుకున్నాడు. "అన్నిటికి."

"అన్నిటికీ అంటేనండి..."

"అన్నిటికి అంటే అన్నిటికే బిడ్డా. కొన్నంక అది చేయదు, ఇది చేయదు అనొద్దు."

ఆ అమ్మాయి సన్నటిదొకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. లింగమూర్తి దాన్ని రెండుసార్లు పైకీ కిందికీ ఊపాడు. "లోపల సామాను ఉన్నదా, ఉత్త డబ్బనా?"

"అన్నీ ఉన్నాయండి. బరువు లేకపోవడమే దీని గొప్పండి."

ధర చెప్పగానే ఆయన దాన్ని వేడి గిన్నెలా కింద పెట్టేశాడు. "బరువు తక్కువ, పైసలు ఎక్కువ! ఇదేం లెక్క బిడ్డా? నేను కిలో మేకులకు ముప్పావు కిలో తూచి ఎక్కువ పైసలు అడిగితే ఊకుంటరా?"

సరిత ఆయన మోచేతిని గిల్లింది. కానీ మనసులో ఆమెకూ అదే అనిపించింది. ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు.

అప్పుడు కనబడింది మూలన ఉన్న ఆ మహాకాయం. నల్లటి ఒళ్లు, మీటల కింద ఎర్రటి వెలుగు, వెనకవైపు ఆటో ఇంజనుకు ఉన్నట్టు గాలి బయటికొదిలే సందులు. లింగమూర్తి రెండు చేతులతో ఎత్తాడు. ఆయన మొహం విప్పారింది.

"ఇగో, ఇది! సరితా, జర పట్టుకొని చూడు."

సరిత పట్టుకుంది. నిజమే, బరువు తెలుస్తోంది.

"ఇది ఎక్కువగా గేములు ఆడే పిల్లలు తీసుకుంటారండి," అంది భానుశ్రీ. "పవర్ బానే ఉంటుంది. కానీ పట్టుకుని తిరగాలంటే కొంచెం..."

"మోస్తం మోస్తం. సిమెంటు బస్తాలు మోసినోళ్లం."

ఇక్కడ సరిత పక్షాన ఒక మాట చెప్పాలి. షోరూములో పాత కంప్యూటర్ బొమ్మను తిప్పడానికి తంటాలు పడుతుంటే, కొనుగోలుదార్లు పైకప్పు చూస్తూ ఆవలించడం ఆమె ఏళ్ల తరబడి చూసింది. సొంత పనిలో అలా జరగకూడదని కోరుకుంది. పవర్ కావాలనుకోవడం తప్పు కాదు. ఎంత కావాలో అడక్కపోవడమే తప్పు. ఆ దుకాణంలో ఆమెను ఉప్మా చెయ్యమనేవాళ్లు ఎవరూ లేకపోయారు.

పెట్టె తెరిస్తే ఇటుకంత ఛార్జరు బయటపడింది. లింగమూర్తి దాన్నీ తూచి, "ఛార్జరే గింత ఉన్నదంటే మిషిని ఎంత మంచిదో చూడు" అని మురిసిపోయాడు.

ఇంట్లో ఆ యంత్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఛార్జరు తగిలించారు. ప్లగ్గులో ఉన్నంతసేపూ అది రాజాలా పనిచేసింది. స్టవ్ జరపమంటే జరిగింది, గోడ తిప్పమంటే తిరిగింది. కొంచెం హోరు పెట్టేది. కానీ వంటింట్లో ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి సరిత పట్టించుకోలేదు.

అంతలో బాచుపల్లి నుంచి పిలుపు వచ్చింది. అనంతపురం నుంచి వచ్చి కొడుకు దగ్గర స్థిరపడుతున్న గోవిందప్ప, సరోజమ్మ దంపతులు కొత్త ఫ్లాటుకు వంటిల్లు చేయించుకోవాలనుకుంటున్నారు. షోరూముకు వచ్చిన పాత కొనుగోలుదారు ఎవరో సరిత పేరు చెప్పారట. సరిత పేరు! షోరూము పేరు కాదు. ఆ రాత్రి లింగమూర్తి దుకాణం కట్టేసి వస్తూ కిలో జిలేబి తెచ్చాడు. అదీ తూకం చూసుకునే తెచ్చి ఉంటాడు.

మర్నాడు సరిత స్కూటీ ముందు ఆ బ్యాగు పెట్టుకుని బయల్దేరింది. కొత్త అపార్ట్‌మెంటుకు రంగులు వేస్తున్నారు. లిఫ్టుకు చెక్క అడ్డం కొట్టి ఉంది. ఫ్లాటు నాలుగో అంతస్తులో. మొదటి అంతస్తు దాకా ఆమె మంచి డిజైనరు నడిచినట్టే నడిచింది. రెండో అంతస్తులో బ్యాగు భుజం మార్చింది. మూడో అంతస్తులో గోడలకు వేసిన రంగును శ్రద్ధగా పరీక్షిస్తున్నట్టు నిలబడింది. నాలుగో అంతస్తు చేరేసరికి నమస్కారం పెట్టడానికి చేతులు లేచాయి కానీ మాట లేవలేదు.

"ముందు నీళ్లు తాగు పాపా," అంది సరోజమ్మ.

నీళ్లు తాగి, కొలతలు తీసుకుని, సరిత ల్యాప్‌టాప్ తెరిచింది. బల్ల లేదు, కుర్చీ లేదు. గ్రానైటు ఇంకా వేయని గట్టు మీద, దుమ్ములో పెట్టింది. ఫోను నుంచి ఇంటర్నెట్ ఇచ్చింది. ఎర్రలైట్లు వెలిగాయి. ఖాళీ ఫ్లాటులో ఆ హోరు నాలుగు గోడలకూ తగిలి తిరిగొచ్చింది.

"ఏం సద్దు పాపా అది? లోపల మిక్సీ ఏమన్నా ఉండాదా?"

"లేదమ్మా, ఫ్యాను."

"ఎర్రలైట్లు ఎందుకు?" అన్నాడు గోవిందప్ప అనుమానంగా. "మనమేమన్నా తప్పు చేసినామా?"

కిటికీలోంచి ఎండ నేరుగా పడుతోంది. తళతళలాడే ఆ తెర మీద సరోజమ్మకు వంటిల్లు కనబడలేదు, సరోజమ్మే కనబడింది. ఆవిడ అందులో చూసుకుని బొట్టు సరిచేసుకుంది. సరిత కొంగు అడ్డం పట్టి నీడ చేసింది. అప్పటికి బొమ్మ కనబడింది. అసలు పని మొదలైంది.

"పొయ్యి తూరుపు గోడకు పెట్టు పాపా."

సరిత జరిపింది. యంత్రం ఇంకాస్త గట్టిగా అరిచింది.

"ఆడ కిటికీ ఉండాది గదే," అన్నాడు గోవిందప్ప. "గాలికి మంట నిలవదు."

"నువ్వు గమ్మునుండు. వంట చేసేది నువ్వా?"

"కాఫీ పెడతాను గదా పొద్దున్నే!"

"ఆ కాఫీ తాగేదాన్ని, నాకు తెల్దా!"

పొయ్యి అటు జరిగింది, ఇటు జరిగింది. సింకు దాని వెంట పరిగెత్తింది. సరోజమ్మ కళ్లు బొమ్మ మీద నిలిచాయి. "ఆ, అట్ల, ఇంకొంచెం ఎడమకు..." అంటూండగా తెర నల్లబడింది. హోరు ఆగింది. ఎర్రలైట్లు ఆరిపోయాయి. బయట ఎక్కడో కాకి అరుపు వినిపించింది.

"కరెంటు పోయినట్టుండాది," అన్నాడు గోవిందప్ప, ఇంకా బల్బే పెట్టని పైకప్పు వైపు చూస్తూ.

పోయింది కరెంటు కాదు, బ్యాటరీ. ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గు తీయలేదు కాబట్టి దాని ఆయుష్షు ఎంతో సరితకు తెలియదు. ఇప్పుడు తెలిసింది: ఒక పొయ్యి, ఒక సింకు, సగం దెబ్బలాట. అపార్ట్‌మెంటు మొత్తానికి కింద ఒక్కటే ప్లగ్గు ఉంది. దానికి టైల్స్ కోసే మిషను తగిలించి ఉంది. సాయంత్రం దాకా ఖాళీ లేదన్నాడు మేస్త్రీ.

సరిత మొహం చూసి సరోజమ్మకు జాలేసింది. కానీ జాలి వేరు, వంటిల్లు వేరు. "ఆదివారం రా పాపా. ఆ పొద్దే ఇంకొకాయన గూడ వస్తాండాడు, పెద్ద కంపెనీ అంట. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం, ఇంక సాగదీసే టైము లేదు. ఇద్దరిదీ చూసి ఆ పొద్దే చెప్పేస్తాం."

ఇంతకంటే ఇబ్బంది ఇంకేముంటుందనుకుంటుండగా అదీ వచ్చింది. ఆడపిల్ల మోసుకుపోతోందని గోవిందప్ప మర్యాదగా బ్యాగు అందుకున్నాడు. వద్దన్నా వినలేదు. రెండో అంతస్తు మెట్ల మీద మెల్లగా కూర్చుని, "రాళ్లేమన్నా తెచ్చినావా పాపా?" అన్నాడు ఎగశ్వాసతో. అక్కణ్ణుంచి ఇద్దరూ చెరో పట్టీ పట్టుకుని, గంగాళం దించినట్టు ఆ బ్యాగును కిందికి దించారు. రంగులు వేసేవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు.

ఇంటికి రాగానే లింగమూర్తి ఆత్రంగా అడిగాడు. "ఏమన్నరు?"

"పొయ్యి జరపమన్నరు."

"జరిపినవా?"

"జరుపుతుంటే మిషిని సచ్చిపోయింది."

"గదేంది? గట్టిది గదా!"

"గట్టిదే. పాపం పెద్దమనిషి దాన్ని ఎత్తుకొని మెట్లమీదనే కూలబడ్డడు."

లింగమూర్తి బ్యాగు తెరిచి, ఆ బొట్టు పెట్టిన మూతను చేత్తో తడిమాడు. సరిత నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఎవరికన్న వంటిల్లు గీసేటప్పుడు నేనేం జేస్త?"

"ఉప్మా చెయ్యమంటవు."

"మరి నా మిషిని కొనేటప్పుడు ఏం జేసిన?"

ఏం చెప్పినా ప్రమాదమేనని ఆయనకు తెలుసు. "తూకమేసినవ్," అన్నాడు చిన్నగా.

"నేనా?"

"నేనే ఏసిన. నువ్వు పట్టుకున్నవ్."

ఆ మాటకు సరితకు నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఆదివారం ఇదే యంత్రంతో వెళ్తే షోరూములో ఆ కుర్చీ తనదేనని ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది. శనివారం ఇద్దరూ మళ్లీ మాదాపూర్ వెళ్లారు. ఈసారి సరిత తన పని బ్యాగు, టేపు వెంట తెచ్చుకుంది.

భానుశ్రీ వాళ్లను చూసి కాస్త భయపడింది. "ఏమైనా ప్రాబ్లమ్ వచ్చిందాండి?"

"తప్పు మిషినిది గాదమ్మా, మాదే," అంది సరిత. "ఈసారి నువ్వు మళ్ల మొదటికెళ్లి అడుగు. ఏ పనికి వాడతరని."

"ఏ పనికి వాడతారండి?" అంది భానుశ్రీ, నవ్వు ఆపుకుంటూ.

లింగమూర్తి నోరు మూసుకునే నిలబడ్డాడు. సరిత చెప్పింది: వంటింటి బొమ్మ తిప్పాలి. నాలుగంతస్తులు ఎక్కాలి. కరెంటు ఉండదు, కుర్చీ ఉండదు, ఎండ మాత్రం ఉంటుంది. మొగుడూ పెళ్లాలు ఎంతసేపు దెబ్బలాడుకుంటే అంతసేపు నడవాలి.

"చివరిది కొంచెం చెప్పడం కష్టమండి," అంది భానుశ్రీ. అయినా మూడు తెచ్చి ముందుంచింది.

సరిత వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లోనే తెరుచుకుంటుంది. అందుకని సరోజమ్మ వంటిల్లును మూడింటిలోనూ తెరిచి, ఛార్జర్లన్నీ పీకించింది. అన్నిటికంటే సన్నటిది పొయ్యిని జరుపుతూ జరుపుతూ, సింకుకూ కిటికీకీ మధ్య గాలిలో ఆపేసి ఆలోచనలో పడింది. బరువు లేదు కదా అని దాన్ని కొనడానికీ లేదు. రెండోది పొయ్యిని జరిపింది కానీ తెర అద్దంలా మెరిసింది. మూడోది లావూ కాదు, సన్నమూ కాదు. ఆ మహాకాయమంత చురుగ్గా లేదు, ఒక గుటక మింగేంత ఆలస్యం. కానీ జరిపింది. తెరకు మెరుపు లేదు. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుందంది భానుశ్రీ.

సరితకు ఆ మాట చాలలేదు. దుకాణం నడిమధ్య నిలబడింది. భుజం మీది బ్యాగు దించింది, ల్యాప్‌టాప్‌ను ఎడమ ముంజేతి మీద పరిచింది, కుడిచేత్తో పొయ్యిని జరిపింది, ఎదురుగా లేని సరోజమ్మకు చూపించింది. మళ్లీ తిప్పి, లేని గోవిందప్పకు చూపించింది.

"మేడమ్, కూర్చోండి, కుర్చీ ఉందండి."

"సైట్ల నాకు కుర్చీ ఎవరేస్తరమ్మా?"

ఇక ఎండలో ఎలా కనబడుతుందో చూద్దామని అద్దాల తలుపు వైపు నాలుగడుగులు వేసింది. ల్యాప్‌టాప్‌కు దొంగతనం జరగకుండా ఒక తీగ కట్టి ఉంటుందన్నది ఆమె ధ్యాసలో లేదు. తీగ బిగుసుకుంది. దుకాణమంతా దద్దరిల్లేలా అలారం మోగింది. టీవీలు చూస్తున్నవాళ్లు టీవీలు వదిలేసి ఆమెను చూశారు. లింగమూర్తి ఒక వాషింగ్ మెషిన్ తలుపు తెరిచి, లోపల ఎవరో తెలిసినవాళ్లు ఉన్నట్టు తల దూర్చాడు. సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది మేడమ్, బిల్లు గాకుండనే..."

"తీస్కపోతలేనన్నా," అంది సరిత కంగారులో. "ఉప్మా చేస్తున్న."

ఆ సమాధానంతో సెక్యూరిటీ ఆయనకు పరిస్థితి మరింత అనుమానాస్పదంగా తోచింది. భానుశ్రీ వచ్చి నచ్చజెప్పి పంపింది. అలారం ఆగేలోగా సరిత తలుపు దగ్గరి ఎండలో బొమ్మ చూసేసింది. చక్కగా కనబడుతోంది. "ఇదే ఇయ్యి బిడ్డా," అన్నాడు లింగమూర్తి, వాషింగ్ మెషిన్‌లోంచి బయటికొస్తూ. చేత్తో ఎత్తి మాత్రం చూడలేదు. పాతదాన్ని తన దుకాణంలో బిల్లులు కొట్టడానికి పెట్టుకుంటానన్నాడు. ఇప్పుడది కాంటా పక్కన ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. మేకులకు వచ్చినవాళ్లు దానికేసి ఒకసారి భక్తిగా చూసి వెళ్తారు.

ఆదివారం సరిత నాలుగంతస్తులూ మాట్లాడుకుంటూ ఎక్కింది. పెద్ద కంపెనీ ఆయన అప్పుడే కిందికి దిగుతున్నాడు. ఆయన చూపించిన పుస్తకం సరోజమ్మ చేతిలో ఉంది. అందులో వంటిళ్లు పెళ్లికూతుళ్లలా ఉన్నాయి.

"బాగనే ఉండాయి," అంది సరోజమ్మ. "పొయ్యి జరపమంటే మాత్రం ఆఫీసుకు పోయి, మార్చి, వారంలో పంపిస్తారంట."

సరిత ల్యాప్‌టాప్ తీసి ముంజేతి మీద పెట్టుకుంది. గోవిందప్ప ముందు చెవి పెట్టి విన్నాడు. హోరు లేదు. వేలితో తట్టి చూసి, "ఆ పెద్దదానికి ఇది పిల్లనా పాపా?" అని అడిగాడు.

"అనుకోండి సార్. మీరిద్దరు జర వంటింట్లకు రండి. మొన్న కొలతలే తీస్కున్న, ఇయ్యాల ఉప్మా చెయ్యాలె."

సరోజమ్మ గాలిలో రవ్వ వేయించింది. తూర్పుకు తిరిగి, హాయిగా, ఎడమచేత్తో లేని పోపుల డబ్బా అందుకుంటూ వేయించింది. "సార్, మీరు కాఫీ పెట్టుండ్రి," అంది సరిత. గోవిందప్ప గొంతు సవరించుకుని, నేరుగా కిటికీ దగ్గరికి పోయి, లేని ఫిల్టరు దించి, బయటికి చూస్తూ నిలబడ్డాడు. పొయ్యి వైపు అసలు పోనేలేదు. ఆయనకు కావలసింది పొయ్యి కాదు, కిటికీ.

సరిత వేలు తెర మీద కదిలింది. పొయ్యి తూర్పు గోడకు, కిటికీకి దూరంగా వెళ్లింది. కిటికీ కింద చిన్న గట్టు లేచింది. దాని మీద ఒక్క కరెంటు పొయ్యి, పక్కన ఫిల్టరు పెట్టుకునే అర.

"ఇది సారుది. ఇది మీది."

ఇద్దరూ తెర మీదికి వంగారు. దెబ్బలాడుకోవడానికి ఏమీ మిగల్లేదని అర్థం కావడానికి వాళ్లకు కాస్త సమయం పట్టింది. అలవాటు కొద్దీ సింకు గురించి, చెత్తబుట్ట గురించి, అరల రంగు గురించి వాదించుకున్నారు. సరిత ప్రతిదీ అటు మార్చి, ఇటు మార్చి చూపించింది. బ్యాటరీ వైపు ఒకసారి దొంగచూపు చూసింది. ఇంకా సగానికి పైనే ఉంది.

మధ్యలో ఫోను మోగింది, లింగమూర్తి. దాంతో ఇంటర్నెట్ తెగి బొమ్మ ఆగింది. సరిత ఫోను కట్ చేసింది.

"ఎవరు పాపా?"

"మా ఆయనమ్మా. ఏమైందోనని."

"ఏమైతాది? అయిపోయినట్టే. నువ్వే చెయ్యి," అంది సరోజమ్మ, ఆ పుస్తకాన్ని గట్టు మీద పెట్టేస్తూ. "కాఫీ గట్టు గూడ. లేకుంటే ఈయన నా పొయ్యి దగ్గరకు వస్తానే ఉంటాడు."

సరిత ఇంకా ఆ మాటను నమ్మకముందే ఆవిడ కొంగు దోపుకుని గడప దాటింది. "రా పాపా, పైన ఐదో అంతస్తులో మా వదిన వాళ్లది. ఆమెకూ ఇంకా ఎవురూ కుదర్లేదు. అది మూసెయ్యద్దు, అట్లనే తెరిచి పట్టుకో. పొయ్యి జరిగేది ఆమె చూడాల."

లింగమూర్తి మళ్లీ ఫోను చేశాడు. సరిత తెరిచిన ల్యాప్‌టాప్‌ను ముంజేతి మీదే ఉంచుకుని, మెట్లెక్కుతూ ఫోను చెవికి ఆనించింది. "అయ్యింది," అంది మెల్లగా. "ఇంకోటి గూడ అయ్యేటట్టున్నది. నువ్వు చేస్తుంటే నాకు నెట్టు పోతున్నది, జర ఆగు. నేనే చేస్త."